పడవను లేపలేదు, బండిని దించాము

మన వినోద సంఘం పడవల షెడ్డు ప్రక్కన, వేపచెట్టు నీడలో, తెల్లని తెరచాప పడవ ఒకటి ట్రైలరు మీద నాలుగు నెలలపాటు కదలకుండా ఉండిపోవటం కాలనీవాసులలో చాలామంది గమనించే ఉంటారు. "ఈ పడవ ఎప్పుడు నీళ్ళు చూస్తుంది?" అని సాయంకాలపు నడకకు వచ్చే పెద్దలు మమ్మల్ని అడగని రోజు లేదు. ఆ పడవ 2024 ఏప్రిల్‌లో మళ్ళీ నీళ్ళు చూసింది. క్రేను లేకుండా, కూలీలను పిలవకుండా, దానిని ట్రైలరు మీదనుంచి ఎలా విడదీశామో మన పత్రిక పాఠకులకు చెప్పాలని కొంతకాలంగా అనుకుంటున్నాము.

పడవ పొడవు ఇరవై అడుగులు. పెంకు ఫైబర్ గ్లాసుతో చేసినది. దాని అడుగున కీల్ ఉంటుంది. గాలి తాకిడికి పడవ ఒరిగిపోకుండా నీటిలోకి దిగి నిలబెట్టే ఇనుప పలక అది. మా పడవ కీల్ నిలువుగా పైకి లాగి, క్రిందికి దించే రకం. పలక కొసన సీసపు ముద్ద ఉంటుంది. పలక పడవ మధ్యలో ఉన్న ఇరుకైన గూటిలో పైకీ క్రిందికీ జారుతుంది. అంతకు ముందు సంవత్సరం వేసవి శిక్షణ శిబిరం చివరి రోజులలో ఆ గూటి అడుగునుంచి నీరు ఊరటం మొదలైంది. మొదట చెంబుతో తోడాము. తరువాత బకెట్టు కావలసి వచ్చింది. ఆ పడవలో ఎక్కేది ఎక్కువగా మన ఉద్యోగుల పిల్లలు. లైఫ్ జాకెట్లు ఉన్నా, నీరు ఊరే పడవలో పిల్లలను ఎక్కించటానికి మా మనస్సులు ఒప్పుకోలేదు.

చిక్కు ఏమిటంటే, సీసపు ముద్ద ఉన్నందువల్ల ఆ పలక పైకి ఊడి రాదు, క్రిందికే రావాలి. పడవ ట్రైలరు మీద ఉన్నంతసేపు క్రిందికి దారి లేదు. పలకకు సరిగ్గా అడుగున ట్రైలరు చట్రం అడ్డుగా ఉంటుంది. పడవను విడదీస్తే తప్ప గూటిలోకి చూపు కూడా పోదు.

క్రేను తెప్పించవచ్చు కదా అని అడిగినవారికి మా సమాధానం ఇది. ఉత్పత్తి పనులలో ఉన్న క్రేనును వినోద సంఘం కోసం అడగటం మాకే న్యాయంగా తోచలేదు. బయటి క్రేను అద్దె విచారిస్తే, అది మా విభాగానికి సంవత్సరానికి వచ్చే నిధిని మించిపోయింది. అంతకంటే ముఖ్యం, షెడ్డు మీదుగా విద్యుత్తు తీగలు పోతున్నాయి. వాటి క్రింద క్రేను చేయి లేపించటం అనే ఆలోచనను భద్రతా విభాగంలోని మిత్రుడొకరు వినగానే త్రోసిపుచ్చారు.

ఇక మిగిలింది మనుషుల బలం. ఇక్కడ మా తప్పును దాచుకోకుండా చెప్పాలి. పన్నెండు మంది చుట్టూ నిలిచి, లెక్క పెట్టి ఒక్కసారిగా ఎత్తితే పని అయిపోతుందని మేము 2023 నవంబరులో ఒక ఆదివారం ప్రయత్నించాము. మనిషికి యాభై అరవై కిలోలేకదా అన్నది మా కాగితపు లెక్క. కాని పడవ అంచు అందరికీ ఒకే ఎత్తులో అందదు. ముందు నిలిచినవాడు గుండెల ఎత్తులో పట్టుకుంటే, వెనుక నిలిచినవాడు నడుము వంచి పట్టుకోవాలి. "మూడు" అనేసరికి ఒకరు ముందు, ఒకరు వెనుక. ఒక మూల లేచింది, ఇంకొక మూల జారింది. పడవ మళ్ళీ ట్రైలరు మీదనే పడింది కనుక బ్రతికిపోయాము. ఒక సహోద్యోగి కాలి వ్రేలు నలిగి మూడు వారాలు చెప్పు తొడగలేకపోయాడు. ఆ తరువాత నెలల తరబడి ఎవరూ పడవ ఊసు ఎత్తలేదు.

ఫిబ్రవరిలో మా గోడు విన్నవారు మన రిగ్గింగ్ గ్యాంగు పెద్ద మేస్త్రి. ఆయన పదవీ విరమణకు అప్పటికి మూడు నెలలే ఉంది. ఖలాసీగా చేరి ముప్పై ఏళ్ళకు పైగా బరువులతోనే జీవించిన మనిషి. సాయంత్రం డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చి, పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, ట్రైలరు క్రిందికి వంగి చూసి, "పడవని లేపాలని ఎందుకు చూస్తున్నారు బాబూ? బండిని దించండి" అన్నారు. మేము మొహమొహాలు చూసుకున్నాము. మా పన్నెండు మందికీ నాలుగు నెలలుగా తట్టని మాట అది.

ఖలాసీ అన్న మాటకు ఓడ పనివాడు, నావికుడు అన్న అర్థాలు మొదటినుంచీ ఉన్నాయి. ఓడరేవులనుంచి ఆ మాట రైల్వేలకూ, కర్మాగారాలకూ ప్రాకింది. కేరళలోని బేపూరు ఖలాసీలు పెద్ద కర్ర ఓడలను మోకులు, దుంగలు, చేతితో త్రిప్పే మరలతోనే నీటిలోకి దింపటంలో పేరు పొందినవారు. 1988 జూలైలో పెరుమన్ వంతెన మీదనుంచి ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు అష్టముడి సరస్సులో పడిపోయినప్పుడు వాటిని బయటకు లాగటానికి పిలిచినది కూడా ఆ ఖలాసీలనే. మన కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలలో కర్ర ఓడలు కట్టినవారికి కూడా ఈ విద్య కొత్త కాదు. మేస్త్రి గారికి ఈ చరిత్ర చెబితే చిరునవ్వు నవ్వి, "మా నాన్న వలకెళ్ళేవాడు. తెప్ప ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలు విడివిడిగా మోసుకొచ్చేవారు. బరువు ఒకేసారి మొయ్యాలని ఎవరు చెప్పారు?" అన్నారు.

ముందుగా బరువు తెలియాలి. పడవ కాగితాలలో వ్రాసిన బరువును నమ్మవద్దన్నారు మేస్త్రి గారు. ట్రైలరును గేటు దగ్గరి వేబ్రిడ్జికి తీసుకుపోతే మొత్తం 1010 కిలోలు వచ్చింది. మా అంచనా కంటే 80 కిలోలు ఎక్కువ! పడవ నేల పలకలు విప్పి చూస్తే అడుగున వాననీరు నాలుగు బకెట్లు, పాత లంగరు గొలుసు, ఎండిపోయిన రంగు డబ్బాలు బయటపడ్డాయి. అవన్నీ తీసివేశాక 930 కిలోలకు దిగింది. అందులో ట్రైలరు 250, పడవ 680.

తరువాత బరువు ఎక్కడ ఉన్నదో తెలియాలి. స్టోర్సులో బస్తాలు తూచే త్రాసును ట్రైలరు నొగ క్రింద పెట్టాము. (ఎడ్లబండికి ఉన్నట్లే ట్రైలరుకూ ముందు నొగ ఉంటుంది కనుక ఆ మాటనే వాడుతున్నాము.) నొగ మీద పడే బరువు 72 కిలోలు. నొగ కొసకూ ఇరుసుకూ మధ్య దూరం 4 మీటర్లు. 72ను 4తో హెచ్చించి 930తో భాగిస్తే 0.31. అనగా మొత్తం బరువు కేంద్రం ఇరుసుకు 31 సెంటీమీటర్లు ముందు ఉన్నది. మేము కాగితం మీద ఈ లెక్క పూర్తి చేసేలోగా మేస్త్రి గారు నొగను ఒంటి చేత్తో రెండుమూడుసార్లు పైకీ క్రిందికీ ఊపి, పడవ ప్రక్కన సుద్దముక్కతో గీత గీశారు. టేపు పెట్టి కొలిస్తే మా లెక్కకూ ఆ గీతకూ తేడా నాలుగు వ్రేళ్ళ వెడల్పు. మా ఇంజనీరు మిత్రుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఈ కేంద్రం ఎందుకింత ముఖ్యమంటే, పడవను ముందొక దూలం, వెనుకొక దూలం మీద నిలపాలి. కేంద్రం రెండింటికీ నడుమ ఉండాలి. ఒక దూలానికి మరీ దగ్గరైతే, పడవలోకి ఒక మనిషి ఎక్కినా తూకం తప్పుతుంది. మేము ముందు దూలాన్ని ఇరుసుకు 2 మీటర్లు ముందు, వెనుక దూలాన్ని 1.3 మీటర్లు వెనుక ఉండేటట్లు గుర్తులు పెట్టాము. అప్పుడు రెండింటిమీదా దాదాపు సగం సగం బరువు పడుతుంది. బరువు తన ఆధారం మీద ఒక ప్రక్కకు జరిగితే ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహం హుస్సేన్ సాగర్‌లో మునిగి, ప్రాణాలు పోయి, 1992లో గాని మళ్ళీ పైకి రాలేదు.

దూలాలకు పాత రైల్వే స్లీపర్లు వాడాము. బ్రాడ్‌గేజి కర్ర స్లీపరు పొడవు 2.75 మీటర్లు, వెడల్పు 25, మందం 13 సెంటీమీటర్లు. రెండు స్లీపర్లను దూలాలుగా ఉంచుకుని, మిగిలినవాటిని మూడేసి ముక్కలుగా కోయించాము. ఆ ముక్కలను రెండు అడ్డంగా, రెండు నిలువుగా మార్చి మార్చి పేర్చితే దొంతర అవుతుంది. ట్రైలరుకు ఇరువైపులా ముందు రెండు, వెనుక రెండు, మొత్తం నాలుగు దొంతరలు. నాలుగు వరుసలకు 52 సెంటీమీటర్ల ఎత్తు వచ్చింది. దొంతర ఎత్తు దాని అడుగు వెడల్పును ఎన్నడూ మించకూడదన్నది మేస్త్రి గారి నియమం. పుస్తకాలు అంతకంటే కొంత ఎక్కువ ఎత్తును ఒప్పుకుంటాయి. మేము పుస్తకాన్ని ప్రక్కన పెట్టాము.

ఇటుకలు, సిమెంటు దిమ్మెలు షెడ్డులో బోలెడున్నాయి. వాటిని ముట్టుకోనివ్వలేదు. కర్ర బరువుకు నలుగుతుంది, మూలుగుతుంది, చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. ఇటుక హఠాత్తుగా పగిలిపోతుంది. అట్లాగే జాకీ విషయం. జాకీ లేపటానికే గాని నిలపటానికి కాదు. జాకీ మీద ఉన్న బరువు క్రిందికి ఎవరూ పోకూడదు. జాకీ ఒక అంగుళం లేపితే ఆ అంగుళాన్ని వెంటనే చెక్కతో నింపాలి. ఈ మాట ఆ మూడు రోజులలో మేము ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

పడవ పెంకు గుండ్రన, దూలం బల్లపరుపు. రెండూ నేరుగా తగిలితే ఒక్క గీత మీద బరువంతా పడి పెంకు నలుగుతుంది. దూలాల మీద మూడువంతులు ఇసుక నింపిన గోనెసంచులు పరిచాము. ఇసుక తనంతట తానే పెంకు ఆకారానికి సర్దుకుంటుంది. లోపలి అడ్డుగోడలు ఎక్కడున్నాయో చూసి, దూలాలు సరిగ్గా వాటి క్రింద పడేటట్లు గుర్తులను రెండంగుళాలు అటూ ఇటూ జరిపాము. తెరచాప కొయ్యను ముందే దించివేశాము.

ఇక అసలు పని. జాకీ ఒక్కసారి కూడా పడవను తాకలేదు. ట్రైలరే తూగుడు బల్ల అయింది. చక్రాలకు ముందూ వెనుకా అడ్డు దిమ్మెలు పెట్టి, నొగను నెమ్మదిగా నేలకు దించాము. ఇరుసు మీద ట్రైలరు తూగి పడవ వెనుక భాగం లేచింది. వెనుక దొంతరలు పేర్చి, వాటిమీద దూలం జొనిపి, సంచులు సర్దాము. తరువాత నొగ క్రింద జాకీ పెట్టి పైకి లేపాము. ఈసారి పడవ వెనుక భాగం దూలం మీద కూర్చుని, ముందు భాగం లేచింది. ముందు దూలం కూడా జొనిపాము. ఇప్పుడు నొగను అంగుళం అంగుళంగా దించితే పడవ రెండు దూలాల మీద నిలిచి, ట్రైలరు దానినుంచి తనంతట తాను విడిపోవాలి.

నొగ రెండంగుళాలు దిగేసరికి ముందువైపు కుడి దొంతర నేలలోకి కుంగింది. ముప్పావు అంగుళమే! కాని అరక్షణంలో పడవ కుడివైపుకు ఒరిగి, లోపల ఎక్కడో కర్ర మూలిగింది. అప్పుడే, జారిన గోనెసంచిని సర్దాలని మా బృందంలోని ఒక యువ ట్రెయినీ చేయి చాచాడు. మేస్త్రి గారి చేతిలోని సరుగుడు కర్ర ఆ ముంజేతి మీద ఫట్టుమని పడింది. కుర్రవాడు చేయి వెనక్కు లాక్కున్నాడు. మరుక్షణం సంచి ఉన్న చోట పడవ పెంకుకూ దూలానికీ మధ్య వ్రేలు పట్టే సందు కూడా లేదు.

పడవ క్రిందపడలేదు. నొగను ఇంకా పూర్తిగా దించలేదు కనుక ట్రైలరు పట్టీలు దానిని ఆపాయి. ఒకే ఊపున దించి ఉంటే ఈ వ్యాసం మరొకలా వ్రాయవలసి వచ్చేది. ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రి గారు నొగను మళ్ళీ లేపించి, అందరినీ దూరంగా కూర్చోబెట్టి, టీ తెప్పించారు. కుర్రవాడి చేతికి కొబ్బరినూనె తానే రాశారు. "సర్దాలంటే కర్రతో సర్దు నాయనా. కర్ర విరిగితే ఇంకోటుంది" అన్నారు. అంతకు పది నిమిషాల ముందే అదే మాట చెప్పి ఉన్నారు.

తవ్వి చూస్తే కారణం తెలిసింది. ప్రక్కనే పడవలు కడిగే కుళాయి. ఏళ్ళ తరబడి కారిన నీటికి ఆ మూల మట్టి పైకి గట్టిగా, లోపల బురదగా ఉన్నది. మేము నేలను కాలితో తన్ని చూశాము తప్ప గునపంతో పొడిచి చూడలేదు. ఆ రోజు పని ఆపివేశాము. మరునాడు నాలుగు మూలలా అడుగు లోతు మట్టి తీసి, కంకర పోసి దిమ్మిస చేసి, ఆపైన స్క్రాపు యార్డునుంచి అనుమతితో తెచ్చిన ఇనుప పలకలు పరిచి, దొంతరలను మళ్ళీ పేర్చాము. రెండవసారి నొగ దించినప్పుడు ఒక్క చప్పుడు కూడా కాలేదు.

పడవ దూలాల మీద నిలిచాక ఇరువైపులా సరుగుడు కర్రలు పోటు పెట్టాము. ఇక మేస్త్రి గారు మొదట చెప్పిన మాట వంతు వచ్చింది. పడవను మరో అడుగు లేపితే గాని ట్రైలరు చక్రాలు ముందు దూలం క్రిందనుంచి పోవు. లేపలేదు. ఇరుసు క్రింద జాకీ పెట్టి చక్రాలే ఊడదీశాము. చెక్క బల్లలు, వాటిమీద పైపు ముక్కలు పరిచి ట్రైలరును వాటిమీదకు దించితే చట్రం 20 సెంటీమీటర్లు క్రిందికి పోయింది. తరువాత నలుగురు మోకు పట్టి లాగితే 250 కిలోల ట్రైలరు పైపుల మీద దొర్లుతూ ముందుకు వచ్చేసింది. ఒకరు వెనుక మిగిలిన పైపులను తీసి ముందుకు అందించటం, ఒకరు ప్రక్కన నిలిచి చూపు వేయటం, అంతే. పడవ మాత్రం నేలకు రెండడుగుల పైన, నాలుగు దొంతరల మీద, కదలకుండా ఉన్నది.

కీల్ పలక పొడవు నాలుగున్నర అడుగులు. పడవ అడుగున ఉన్న ఖాళీ రెండడుగుల పైచిలుకు. ఇక్కడ కూడా అదే పాఠం. నేలను రెండున్నర అడుగులు తవ్వాము! దొంతరలకూ గొయ్యి అంచుకూ మధ్య మూడడుగులకు పైగా గట్టి నేల వదిలి, గొయ్యి ఒక ప్రక్కను ఏటవాలుగా చెక్కాము. పడవ లోపలి కప్పీ తాడుతోనే పలకను దించి, గోతిలో ఇసుక సంచుల మీద కూర్చోబెట్టి, ఏటవాలు బల్ల మీదుగా చైన్ బ్లాకుతో బయటకు లాగాము. పలక కదులుతున్నంతసేపు గోతిలోకి ఎవరినీ దిగనివ్వలేదు.

మరమ్మతు సంగతి క్లుప్తంగా చెబుతాము. గూటి అడుగు అంచున పలక రాపిడికి ఫైబర్ గ్లాసు పొరలు విచ్చుకుని ఉన్నాయి. అది ఊహించినదే. ఊహించనిది మరొకటి దొరికింది. ట్రైలరు పట్టీకి చుట్టిన పాత తివాచీ ముక్క ఉప్పునీటిని పట్టి ఉంచటంవల్ల, సరిగ్గా దాని క్రింద పెంకు మీద అరచేయంత మేర మెత్తబడింది. వ్రేలితో నొక్కితే లోపలికి పోయింది. పడవ ట్రైలరు మీద ఉన్నంతకాలం అది ఎవరి కంటా పడేది కాదు. రెండు చోట్లా చెడిన పొరలను అరగదీసి, అంచును మందానికి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా చెక్కి, మూడు వారాలు ఆరనిచ్చి కొత్త పొరలు వేశాము. ఈ పని చేయబోయేవారికి ఒక్క హెచ్చరిక. పాలియెస్టర్ రెజిన్‌లో యాక్సిలరేటరును ముందు కలిపి, అది బాగా కలిసిన తరువాతనే హార్డెనరు వేయాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే భగ్గుమంటాయి. ట్రైలరు బేరింగులు తుప్పు పట్టి ఉన్నందున కొత్తవి వేయించి గ్రీజు నింపాము. తివాచీ ముక్కలను కాల్చివేశాము.

పడవను తిరిగి ట్రైలరు మీదకు చేర్చటానికి అదే దారిలో వెనక్కు నడిచాము. మూడు రోజుల పని ఈసారి ఒక పూటలో అయింది. ఏప్రిల్ మొదటి ఆదివారం పడవను నీటిలో దించి, గూటి చుట్టూ పాత వార్తాపత్రిక కాగితాలు పరిచి ఒక గంట వేచి ఉన్నాము. తడిసిన కాగితం ఒక్కటీ లేదు. ఆ నెల శిబిరానికి వచ్చిన పిల్లలలో మొదటి జట్టును పడవలో తీసుకువెళ్ళినది, ముంజేతి మీద కర్ర దెబ్బ తిన్న ఆ ట్రెయినీయే.

మేస్త్రి గారు మే నెలాఖరున పదవీ విరమణ చేశారు. వెళ్ళేముందు షెడ్డుకు వచ్చి, స్లీపరు ముక్కలన్నిటిమీదా ఏది ఏ వరుసదో రంగుతో అంకెలు వేయించారు. దొంతరలు పేర్చే విధానం, గీతలు గీసే విధానం మా కుర్రవాళ్ళచేత రెండుసార్లు చేయించి చూశారు. ఇప్పటికీ అప్పుడప్పుడు సైకిలు మీద వచ్చి ముక్కలు లెక్కపెట్టి పోతుంటారు. వినాయక చవితి పందిరికి వాటిని అడగటానికి వచ్చే కాలనీ యువజన సంఘంవారు, ముందుగా ఆయన అనుమతి తెచ్చుకోవలసిందిగా మనవి.